బ్రిటిష్ టెలివిజన్‌లో అధివాస్తవిక హాస్యం – ఒక పరిశీలన

నవరసాలలో హాస్యానిది ఒక విచిత్రమైన స్థితి. కరుణరస ఘట్టంలో కంట తడిపెట్టనివానిని లోకం కఠినహృదయుడంటుంది. వీరరస ఘట్టంలో చలించనివానిని జడుడంటుంది. హాస్యఘట్టంలో నవ్వనివానిని మాత్రం తెలివి చాలనివాడని అనుమానిస్తుంది. మొదటి రెండు నిందలు గుణానికి సంబంధించినవి. మూడవది బుద్ధికి సంబంధించినది. అందుచేతనే అది ఎక్కువగా గుచ్చుకుంటుంది. ఇంకొక చిక్కు కూడా ఉన్నది. నవ్వనివాడు పైకి ఏమీ అనకపోయినా లోలోపల తనను గురించి తానే ఆ విధంగా అనుమానపడతాడు.

ఇంగ్లీషు హాస్యం ఎదురైనప్పుడు మన విద్యార్థులలో ఈ అనుమానాన్ని మేము చూస్తూనే ఉన్నాము. వసతిగృహంలో పదిమంది ఒక ఫోను చుట్టూ చేరి ఏదో పాత బ్రిటిష్ ప్రహసనం చూస్తుంటారు. ఇంగ్లీషు మాధ్యమం నుంచి వచ్చిన ఇద్దరు ముగ్గురు పడిపడి నవ్వుతారు. తెలుగు, ఉర్దూ మాధ్యమాల నుంచి వచ్చినవారు వారి ముఖాలు చూచి అరక్షణం ఆలస్యంగా నవ్వుతారు. తమకు ఇంగ్లీషు చాలదు గనుకనే అర్థం కాలేదని వారి నిర్ణయం. ఈ నిర్ణయం సరియైనది కాదని చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఎందుకనగా ఇంగ్లీషే మాతృభాషగా గల బ్రిటిష్ ప్రేక్షకులలో కూడా ఎందరో ఈ ప్రహసనాలను చూచి నవ్వలేదు, నేటికీ నవ్వరు. ఒకే ఇంటిలో, ఒకే పెట్టె ముందు, తండ్రి విసుగుతో లేచిపోగా కొడుకు కడుపు పట్టుకొని నవ్విన హాస్యం అది.

దీనికి విమర్శకులు 'సర్రియల్' అనే విశేషణం వాడుతారు. తెలుగులో అధివాస్తవికత అంటున్నాము. 1924లో పారిస్‌లో ఆంద్రే బ్రెతాన్ ప్రకటించిన సాహిత్యోద్యమం పేరు అది. శ్రీశ్రీ మీద దాని ప్రభావం సాహిత్య విద్యార్థులకు తెలిసినదే. అయితే బ్రిటిష్ టెలివిజన్ హాస్యం ఆ ఉద్యమానికి నేరుగా పుట్టిన బిడ్డ కాదు. దాని వంశవృక్షం వేరు. ఆ సంగతి తరువాత చెప్పుకొందాము. వస్తువును చూపకుండా లక్షణం చెప్పడం మన పాఠ్యగ్రంథాలకు అలవాటైన దోషం గనుక ముందుగా ఒక ఉదాహరణ తీసుకొంటాము.

1969 అక్టోబరు 5వ తేదీ ఆదివారం, రాత్రి బాగా పొద్దుపోయిన తరువాత, బి.బి.సి. 'మాంటీ పైథాన్స్ ఫ్లయింగ్ సర్కస్' అనే కార్యక్రమాన్ని ప్రారంభించింది. అందులో మాంటీ పైథాన్ అనే వ్యక్తి లేడు; సర్కస్ కూడా లేదు. ఆ సంవత్సరం డిసెంబరు 7న ప్రసారమైన భాగంలో ఒక ప్రహసనం ఉన్నది. ఒకడు చచ్చిన చిలుకను పంజరంతో సహా తెచ్చి, అమ్మిన దుకాణంలోనే ఫిర్యాదు చేస్తాడు. దుకాణదారు అది చావలేదంటాడు. విశ్రాంతి తీసుకొంటున్నదంటాడు, నిద్రపోతున్నదంటాడు, తన స్వదేశాన్ని తలచుకొని బెంగపెట్టుకున్నదంటాడు. కొనుగోలుదారు చిలుకను బల్లకేసి కొడతాడు, గాలిలోకి విసురుతాడు, అది రాయిలా కింద పడుతుంది. అది కొమ్మ మీద నిలబడి ఉండడానికి కారణం దాని కాళ్లకు కొట్టిన మేకులేనని తేలుతుంది. అయినా దుకాణదారు ఒప్పుకోడు. అప్పుడా మనిషి చావుకు ఇంగ్లీషులో గల పర్యాయపదాలన్నింటినీ ఒక నిఘంటువు వల్లించినట్లు వరుసగా వల్లిస్తాడు. అమరకోశం కంఠస్థం చేసినవారికి ఆ ధోరణి వెంటనే పట్టుబడుతుంది. ఇక ముగింపు? ముగింపు లేదు. కథ మరొక ఊరికి పోతుంది, అక్కడా అదే దుకాణదారు పెట్టుడు మీసంతో కనిపిస్తాడు, చివరకు ఒక సైనికాధికారి లోపలికి వచ్చి ఇది మరీ వెర్రిగా ఉన్నదని ఆపించివేస్తాడు.

ఈ ప్రహసనం పుట్టుక గమనించదగినది. రచయితలలో ఒకడైన మైకేల్ పేలిన్ తన కారు విషయంలో ఒక అమ్మకందారుతో పడిన అవస్థ దీనికి మూలం. ఏ లోపం చూపినా ఆ అమ్మకందారు లోపమే లేదనేవాడట. మొదట 1968లో కారు మీదనే ప్రహసనం తయారైనది. మరుసటి సంవత్సరం జాన్ క్లీజ్, గ్రాహమ్ చాప్‌మన్ కలిసి కారును తీసివేసి దాని స్థానంలో చచ్చిన చిలుకను పెట్టినారు. ఆ మార్పుతో ప్రహసనం లోకప్రసిద్ధమైనది. ఇందులో మన పాఠం మొత్తం ఉన్నది. కారు చెడిపోయిందా లేదా అనేది వాదించదగిన విషయం. చిలుక చచ్చిందా లేదా అనేది వాదించదగిన విషయమే కాదు. వాదించరాని చోట వాదన ప్రవేశపెట్టి, ఆ వాదనను మాత్రం అంగడి మర్యాదలతో, తర్కబద్ధంగా, ముఖం మీద చిరునవ్వు లేకుండా నడపడం ఈ హాస్యం మూలసూత్రం.

ఎద్దు ఈనిందంటే కొట్టంలో కట్టేయమన్నట్లు అని మన సామెత. విని నమ్మినవాని వెర్రిని చూచి మనం నవ్వుతాము. బ్రిటిష్ అధివాస్తవిక హాస్యకారుడు ఆ వెర్రివానితో చేయి కలుపుతాడు. నిజంగానే పలుపు తాడు పట్టుకొని కొట్టానికి బయలుదేరుతాడు. ఈనిన ఎద్దుకు ధ్రువపత్రం ఏ కార్యాలయంలో ఇస్తారో విచారిస్తాడు. అక్కడి గుమాస్తా ఏ మాత్రం ఆశ్చర్యపడకుండా దూడ మగదా ఆడదా అని అడుగుతాడు. 1970 సెప్టెంబరు 15న ప్రసారమైన 'వెర్రి నడకల మంత్రిత్వశాఖ' సరిగ్గా ఇటువంటిదే. వంకర టింకరగా నడవడాన్ని అభివృద్ధి చేయడానికి ప్రభుత్వంలో ఒక శాఖ; దానికి ఒక ఉన్నతాధికారి; తన నడకను మెరుగుపరచుకోవడానికి నిధులు కోరుతూ వచ్చిన ఒక అర్జీదారు. రక్షణశాఖకు ఇచ్చినంత సొమ్ము తమ శాఖకు ఇవ్వడం లేదని అధికారి వాపోతాడు. అంత పొడవు కాళ్ల జాన్ క్లీజ్ నడిచే తీరును చూచి పసిపిల్లలు కూడా నవ్వుతారు. కాని ఆ నడక కంటె ఆ నిధుల చర్చయే గొప్ప హాస్యమని మా అభిప్రాయం. ప్రభుత్వ కార్యాలయాల చుట్టూ తిరిగిన మన పాఠకులకు దీనిని వివరించనవసరం లేదు.

ఇక వంశవృక్షం. ఎడ్వర్డ్ లియర్ 1846లో తన అసంబద్ధ పద్యాల పుస్తకాన్ని ప్రకటించినాడు. లూయీ కరోల్ 'ఆలిస్' కథ 1865లో వచ్చింది. విక్టోరియా కాలంలో, అంతటి కట్టుబాట్ల నడుమ, అర్థం లేకపోవడాన్నే ఒక కళగా సాగు చేసిన జాతి అది. లియర్ 1873 నుంచి 1875 వరకు మన దేశంలో పర్యటించి, ధోబీ వంటి హిందూస్థానీ మాటల అర్థాలను తారుమారు చేసి ఇంగ్లీషులో ఒక పద్యం వ్రాసినాడు. అతడు ప్రచారంలోకి తెచ్చిన ఐదు పాదాల లిమరిక్‌ను శ్రీశ్రీ 'లిమఋక్కులు' అనే పేరుతో తెలుగులో పండించిన సంగతి 'సిప్రాలి' చదివినవారు ఎరుగుదురు. కనుక ఈ వంశంతో మనకు బొత్తిగా చుట్టరికం లేదనడానికి వీలు లేదు.

టెలివిజన్‌కు ఈ ధోరణిని తెచ్చినవారిలో ప్రథముడు స్పైక్ మిల్లిగన్. ఇతడు 1918లో అప్పటి బొంబాయి రాజ్యంలోని అహ్మద్‌నగర్‌లో పుట్టినాడు. తండ్రి బ్రిటిష్ భారత సైన్యంలో పనిచేసిన ఐరిష్ వాడు. మిల్లిగన్ బాల్యం పూనాలోను, రంగూన్‌లోను గడిచింది. రెండవ ప్రపంచయుద్ధంలో ఫిరంగి దళంలో పనిచేసి ఇటలీలో గాయపడినాడు. యుద్ధం నుంచి తిరిగివచ్చిన ఈ మనిషి 1951 నుంచి 1960 వరకు బి.బి.సి. రేడియోలో 'గూన్ షో' నడిపినాడు. పీటర్ సెల్లర్స్, హ్యారీ సికోంబ్ అతని సహచరులు. రేడియోకు కళ్లు లేవు గనుక అందులో ఏదైనా సాధ్యమే. ఫిరంగి గుండ్ల మోత విన్న చెవులకు పేలుడు శబ్దమే ఒక హాస్యవస్తువు అయినదంటే ఆ నవ్వు వెనుక ఎంత భయం ఉన్నదో ఊహించుకోవచ్చును. మిల్లిగన్ జీవితమంతా మనోవ్యాధితో బాధపడినాడు.

1969 మార్చిలో మిల్లిగన్ 'క్యూ 5' అనే టెలివిజన్ ధారావాహిక ప్రారంభించినాడు. అందులో ప్రహసనాలు మధ్యలోనే ఆగిపోయేవి. నటులు ఏమీ తోచనట్లు ప్రేక్షకుల వైపు నడచి వచ్చేవారు. అప్పటికి తమ కొత్త కార్యక్రమాన్ని తయారుచేసుకొంటున్న ఆరుగురు యువకులకు అది కనువిప్పు అయినది. చాప్‌మన్, క్లీజ్, ఎరిక్ ఐడిల్ కేంబ్రిడ్జి వారు. పేలిన్, టెర్రీ జోన్స్ ఆక్స్‌ఫర్డ్ వారు. బొమ్మలు కదిలించే టెర్రీ గిలియం అమెరికన్. వీరే మాంటీ పైథాన్ బృందం. 1974 డిసెంబరు నాటికి 45 భాగాలు ప్రసారం చేసినారు. చివరి ఆరింటిలో క్లీజ్ నటించలేదు. ఆ ఆరింటిలో జిగి కొంత తగ్గిందనడం సత్యదూరం కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాము. ఈ హాస్యం ప్రేక్షకులను ఎందుకు రెండుగా చీలుస్తుంది?

మొదటి కారణం కొసమెరుపు లేకపోవడం. హాస్యకథకు కొసమెరుపు రెండు పనులు చేస్తుంది. ఒకటి, ముడి విప్పుతుంది. రెండవది, ఇక్కడ నవ్వండి అని సైగ చేస్తుంది. ఆ సైగ గొప్ప సామాజికోపకారం. కథ సగమే అర్థమైనవాడు కూడా ఆ సైగ అందుకొని పదిమందితో పాటు నవ్వగలడు. సభలో తాను ఒంటరి కాడు. పైథాన్ బృందం ఈ సైగను బుద్ధిపూర్వకంగా తీసివేసింది. ప్రహసనం పండగానే ఎవడో సైనికాధికారి వచ్చి ఆపుతాడు. లేదా కవచం ధరించిన వీరుడొకడు కోడిబొమ్మతో నటుని నెత్తి మీద కొడతాడు. లేదా ఆకాశం నుంచి ఒక బ్రహ్మాండమైన పాదం దిగి అంతటినీ నలిపివేస్తుంది. ఆ పాదం గిలియం గీసినది కాదు. లండన్ నేషనల్ గ్యాలరీలో గల బ్రాంజినో వర్ణచిత్రంలోని మన్మథుని పాదం. పదహారవ శతాబ్దపు ఇటాలియన్ మన్మథుడు ఇరవయ్యవ శతాబ్దపు ప్రహసనాన్ని తొక్కివేస్తున్నాడన్నమాట. సైగ తీసివేస్తే ఏమవుతుంది? ఎక్కడ నవ్వాలో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. సభ ఒక్కసారిగా విడివిడి మనుషులు అవుతుంది. కొందరికి అది స్వేచ్ఛ. కొందరికి అది అవమానం.

రెండవ కారణం అంతకంటె లోతైనది. ఫ్రెంచి తత్త్వవేత్త బెర్గ్‌సన్ 1900లో నవ్వును గురించి వ్రాసిన గ్రంథంలో నవ్వు ఎప్పుడూ ఒక గుంపుకు చెందినదని ప్రతిపాదించినాడు. గుంపు వెలుపలివానికి దాని నవ్వు వినబడుతుంది గాని అంటదు. మరి పైథాన్ నవ్వు ఏ గుంపుకు చెందినది? సూటు తొడిగి, బల్ల ముందు కూర్చొని, ప్రపంచం తలక్రిందులైనా స్వరం మార్చకుండా వార్తలు చదివే బి.బి.సి. ప్రకటనకర్త ముఖాన్ని రోజూ చూచి పెరిగిన గుంపుకు. అటువంటి ప్రకటనకర్తను ఆ బల్లతో సహా పొలంలోనో, సముద్రపు ఒడ్డుననో కూర్చోబెట్టినప్పుడు ఆ గుంపు నవ్వింది. ఆ ముఖాన్ని ఎరుగనివానికి అక్కడ కనిపించేది బల్ల ముందు కూర్చున్న ఒక మనిషి మాత్రమే. అతనికి ఇంగ్లీషు వాక్యాలన్నీ అర్థమైనా సరే, నవ్వు రాదు. భాష తెలియడం వేరు, ఆ భాషలోని మర్యాదలు ఒంటబట్టడం వేరు.

మన ఆలంకారికులు ఈ విషయాన్ని ఏనాడో గ్రహించినారు. భరతుడు హాస్యరసానికి వికృతమైన వేషం, అలంకారం మొదలైన విభావాలు చెప్పుతూ వాటిలో 'అసత్ప్రలాపం' అనే దానిని కూడా చేర్చినాడు. పొంతన లేని మాట అని దాని అర్థం. వీథి అనే రూపకభేదం యొక్క పదమూడు అంగాలలో కూడా అసత్ప్రలాపం ఒకటి. కనుక అర్థం లేని మాటతో నవ్వించడం పాశ్చాత్యుల సొత్తు కాదు. అభినవగుప్తుడు మరొక మెట్టు ఎక్కి అనౌచిత్యమే హాస్యానికి మూలమని సూచించినాడు. ఏది ఉచితమో ముందు తెలిసి ఉంటేనే అనుచితం కనబడుతుంది. ఔచిత్యం ప్రతి సమాజానికీ వేరు. అందుచేత కరుణ సరిహద్దులు దాటినంత సులభంగా హాస్యం దాటలేదు. ఒక తల్లి ఏడుపు ఏ దేశంలోనైనా ఏడుపే. ఒక గుమాస్తా మర్యాద మాత్రం ఆ దేశపు గుమాస్తా మర్యాద.

ఉర్దూ విభాగపు విద్యార్థులకు ఇంకొక దృష్టాంతం దగ్గరగా ఉంటుంది. అమీర్ ఖుస్రో పేర ప్రచారంలో ఉన్న 'అన్‌మెల్' పద్యపు కథ వారు వినే ఉంటారు. దప్పికతో బావి దగ్గరికి వచ్చిన కవిని నలుగురు స్త్రీలు పట్టుకొని నీళ్లు పోయాలంటే పద్యం చెప్పమన్నారట. ఒకతె పాయసం మీద, ఒకతె రాట్నం మీద, ఒకతె కుక్క మీద, ఒకతె డోలు మీద చెప్పమన్నది. ఖుస్రో ఆ నాలుగింటినీ ఒకే పద్యంలో కూర్చి చెప్పి నీళ్లు తాగినాడట. మోకాలికీ బోడిగుండుకీ ముడి పెట్టిన ఆ పద్యాన్ని విని అందరమూ నవ్వుతాము. కారణమేమి? కవి దప్పిక మనకు తెలుసు. నలుగురి పట్టుదల తెలుసు. అసంబద్ధతకు ఒక సంబంధమైన కథ చుట్టబడి ఉన్నది. పైథాన్ బృందం వారైతే బావిని, స్త్రీలను, దప్పికను తీసివేసి పద్యాన్ని మాత్రం మన చేతిలో పెడతారు. కథ తెలిసినవాడు నవ్వుతాడు. తెలియనివాడు పాయసంలో కుక్క ఏమిటని అడుగుతాడు. అడిగినవాడు మూర్ఖుడు కాడు. అతడు అడిగినది చాలా సహజమైన ప్రశ్న.

ఈ హాస్యానికి రూపమే ప్రాణమనడానికి న్యాయస్థానంలో నడచిన ఒక వ్యాజ్యం సాక్ష్యం. 1974లో అమెరికాలోని డల్లాస్ నగరపు ప్రజా టెలివిజన్ కేంద్రం పైథాన్ భాగాలను ప్రసారం చేయగా అక్కడి యువకులు విశేషంగా ఆదరించినారు. అది చూచి ఎ.బి.సి. అనే వ్యాపార సంస్థ 1975 అక్టోబరులో మూడు భాగాలను కలిపి ఒక ప్రత్యేక కార్యక్రమంగా చూపింది. వాణిజ్య ప్రకటనలకు చోటు చేయడానికీ, అభ్యంతరకరమని తోచిన మాటలు తొలగించడానికీ మొత్తం 90 నిమిషాలలో 24 నిమిషాలు కత్తిరించింది. బృందం వారు దావా వేసినారు. 1976లో అమెరికా అప్పీలు న్యాయస్థానం వారి పక్షాన తీర్పు చెప్పి, ఆ కత్తిరింపులు కృతిని వికలం చేసినవని అంగీకరించింది. మామూలు హాస్యకార్యక్రమంలో నాలుగవ వంతు తీసివేస్తే నాలుగవ వంతు నవ్వే పోతుంది. ఇక్కడ అలా కాదు. ఒక ప్రహసనంలో ఏదో మూల కనిపించిన మనిషి ఇరవై నిమిషాల తరువాత మరొక ప్రహసనంలోకి నడచి వస్తాడు. మొదటిది కత్తిరిస్తే రెండవది కేవలం పిచ్చి. అర్థం లేనట్లు కనబడే ఈ వస్తువు ఎంత కట్టుదిట్టంగా కట్టబడినదో కత్తెర పడిన తరువాత గాని తెలిసిరాలేదు. ఫోనులో రెండేసి నిమిషాల ముక్కలుగా చూచే మన విద్యార్థులు, తెలియకుండానే, ఆ కత్తిరించిన ప్రతినే చూస్తున్నారని గ్రహించాలి.

ఇదంతా చదువుకున్నవారి నవ్వు, చదువు లేనివారికి అందదు అనే వాదం ఒకటున్నది. దానికి కొంత ఆధారం లేకపోలేదు. 1972లో జర్మన్ టెలివిజన్ కొరకు తీసిన భాగంలో గ్రీకు, జర్మన్ తత్త్వవేత్తల ఫుట్‌బాల్ పోటీ ఉన్నది. ఈల ఊదగానే ఆటగాళ్లందరూ బంతిని వదిలి గడ్డం నిమురుకొంటూ ఆలోచనలో పడతారు. హెగెల్, సోక్రటీసు ఎవరో తెలియనివానికి అది గడ్డాల ప్రదర్శన మాత్రమే. కాని ఈ వాదాన్ని పూర్తిగా ఒప్పుకోలేము. 1975 మార్చిలో ఇంగ్లండులోని కింగ్స్ లిన్ పట్టణంలో ఒక తాపీ పనివాడు 'గుడీస్' అనే ఇటువంటి వెర్రి కార్యక్రమం చూస్తూ ఆపకుండా నవ్వి నవ్వి గుండె ఆగి మరణించినాడు. అతని చివరి ఘడియలను ఆనందమయం చేసినందుకు కృతజ్ఞతలు తెలుపుతూ భార్య ఆ నటులకు ఉత్తరం వ్రాసింది. తరువాతి కాలంలో 1990లో ఛానెల్ 4లో 'బిగ్ నైట్ అవుట్' ప్రారంభించిన విక్ రీవ్స్ ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల నుంచి వచ్చినవాడు కాడు. లండన్‌లో ఒక మద్యశాల మేడ మీది గదిలో ప్రదర్శనలిస్తూ పైకి వచ్చినవాడు. అతని ప్రేక్షకులకు తత్త్వశాస్త్రంతో పని లేదు. అయినా అదే చీలిక: సగం మంది పూజించినారు, సగం మంది ఇందులో ఏమున్నదని అడిగినారు. చదువు ఒక పల్లెకు సరిహద్దు అయితే, మద్యశాల మరొక పల్లెకు సరిహద్దు. ఎక్కడైనా పల్లె ఒకటున్నది.

ఆ పల్లె కొంతకాలానికి మతశాఖ వలె గట్టిపడడం ఇందులోని వింత. అభిమానులు ప్రహసనాలను మాట పొల్లుపోకుండా వల్లించడం మొదలుపెట్టినారు. ఒకడు మొదటి మాట అంటే రెండవవాడు రెండవ మాట అందుకొంటాడు, అందుకొనలేనివాడు పరాయివాడు. 2014 జూలైలో, అప్పటికి చాప్‌మన్ పోయి పాతికేళ్లు కావస్తుండగా, మిగిలిన ఐదుగురు లండన్‌లో పది రాత్రులు ప్రదర్శనలిచ్చినారు. మొదటి ప్రదర్శన టిక్కెట్లు నిమిషం లోపుగానే అమ్ముడుపోయినవి. ఊహించనిది జరగడమే ప్రాణమైన హాస్యాన్ని అక్షరం అక్షరం ఊహించగల వేలమంది చూడవచ్చినారు. మన ముషాయిరాలో శ్రోత కాఫియా రాక ముందే పసిగట్టి రదీఫ్‌ను కవితో పాటు పలికినప్పటి ఆనందం అది. ఆనందమే, సందేహం లేదు. కాని 1969లో పుట్టిన ఆనందం అది కాదు. కంప్యూటరు విద్యార్థులకు ఇక్కడ ఒక చిన్న సంగతి: మీరు నేర్చుకొనే పైథాన్ భాషకు ఆ పేరు కొండచిలువను బట్టి కాదు, ఈ బృందాన్ని బట్టి దాని రూపకర్త పెట్టినాడు. మీ ఈ-మెయిల్‌లో వచ్చిపడే 'స్పామ్' అనే మాట కూడా 1970 నాటి వీరి ప్రహసనం నుంచి వచ్చినదే.

నవ్వకపోవడానికి ఇంకొక కారణమున్నది. దానిని పై కారణాలతో కలపరాదు. అర్థం కాక నవ్వకపోవడం ఒకటి, అర్థమై నవ్వకపోవడం మరొకటి. మన గడ్డ మీద పుట్టిన మిల్లిగన్ 1969లో 'కర్రీ అండ్ చిప్స్' అనే ధారావాహికలో ముఖానికి గోధుమరంగు పూసుకొని పాకిస్తానీ కార్మికునిగా నటించినాడు. దానిని వ్రాసినవాడు జానీ స్పైట్. ఆరు భాగాలకే అది నిలిచిపోయింది. 1975లో మిల్లిగన్ మళ్లీ అదే రంగు పూసుకొని 'మెల్టింగ్ పాట్' తీయగా ఒక్క భాగం ప్రసారం చేసి బి.బి.సి. ఆపివేసింది. ఉద్యోగం వెతుక్కొంటూ వలస వెళ్లిన మనిషి ఉచ్చారణను, రంగును, తిండిని చూపించి నవ్వించడం అధివాస్తవికత కాదు. అంతకంటె వాస్తవికమైనది, అంతకంటె పాతది, అంతకంటె సోమరి హాస్యం ఇంకొకటి లేదు. చచ్చిన చిలుకను సృష్టించగల పరంపరలోనే ఈ రంగు డబ్బా కూడా ఉండడం విచారకరం. 2020లో 'లీగ్ ఆఫ్ జెంటిల్మెన్', 'మైటీ బూష్' అనే తరువాతి తరం కార్యక్రమాలను నెట్‌ఫ్లిక్స్ ఇటువంటి ముఖవర్ణాల కారణంగానే తొలగించింది. ఇట్టి చోట నవ్వని విద్యార్థికి సంజాయిషీ చెప్పుకోవలసిన పని లేదు. మతాన్ని గురించి 1979లో పైథాన్ బృందం తీసిన చలనచిత్రం మీద పెద్ద వివాదం నడచింది. ఐర్లండులో 1987 వరకు నిషేధం ఉండినది. అది టెలివిజన్ కార్యక్రమం కాదు, ఆ చర్చ వేరు గనుక ఇక్కడ విడిచిపెడుతున్నాము.

ఇంతకూ మన విద్యార్థి ఏమి చేయాలి? నవ్వు రానప్పుడు నవ్వినట్లు నటించనవసరం లేదు. భరతుడు నవ్వును స్మితం నుంచి అతిహసితం దాకా ఆరు విధాలుగా విభజించినాడు. ఎదుటివాని ముఖం చూచి అరువు తెచ్చుకొనే నవ్వును ఆయన లెక్కలోకి తీసుకోలేదు. అలాగని ఇదంతా తిన్నది అరగనివారి పిచ్చి అని కొట్టివేయడమూ తగదు. ఆ పల్లెలోకి పోవడానికి మన వైపు నుంచి కూడా దారులున్నవి. సరియైన ప్రహసనం ఎంచుకొని, ముక్కలుగా కాక మొత్తం భాగంగా చూడడం మొదటి నియమం. వార్తల చదువరి మీద, బ్రిటిష్ సైన్యం మీద ఉన్నవాటిని ముందు పెట్టుకొంటే నిరుత్సాహం తప్పదు. మేమైతే 1972 నవంబరు 2న ప్రసారమైన 'వాదనాలయం'తో ప్రారంభించమంటాము.

మన న్యాయశాస్త్రం కథను మూడుగా విభజించింది. సత్యం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షం లేకుండా ఎదుటివాని మాట ఖండించడానికే చేసేది వితండ. మదరసాలలో మునాజరా చదివినవారికి కూడా ఈ భేదాలు తెలియనివి కావు. ఆ ప్రహసనంలో ఒక మనిషి డబ్బు కట్టి వాదన కొనుక్కోవడానికి ఒక కార్యాలయానికి వస్తాడు. పొరపాటున మొదట తిట్లు అమ్మే గదిలోకి పోతాడు. తరువాత సరియైన గది దొరుకుతుంది. అక్కడి ఉద్యోగి అతడు ఏమన్నా కాదంటాడు, అంతే. ఇది వాదన కాదు, ఊరికే కాదనడమని వచ్చినవాడు అంటాడు. కాదు, ఇది వాదనే అని ఉద్యోగి అంటాడు. వాదం కోరి వచ్చినవానికి వితండ అమ్మబడుతున్నది. అంతలో గంట మోగుతుంది. గడువు అయిపోయింది, మళ్లీ డబ్బు కడితే గాని మాట్లాడనంటాడు. కట్టిన తరువాత కట్టలేదంటాడు. గౌతముని సూత్రాలు చదివిన ఏ విద్యార్థికీ ఇక్కడ బి.బి.సి. మర్యాదలతో అవసరం రాదు. ఎవరి ముఖమూ చూడవలసిన పని ఉండదు. ధర కూడా ఆ కార్యాలయంలో స్పష్టంగా చెప్పుతారు: ఐదు నిమిషాల వాదనకు ఒక పౌను, పదింటికి కలిపి పుచ్చుకొంటే ఎనిమిది.